డీజిల్ పంపు మీది పేరు – రాబర్ట్ బాష్ జీవిత విశేషాలు



ఈ ప్రత్యేక సంచికకు గతించిన ఒక ప్రముఖుని జీవితం వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. మిత్రులు చాలామంది నాయకులను, కవులను, సంస్థానాధీశులను ఎన్నుకొని ఉంటారు. నేను జర్మనీ దేశపు ఒక మెకానిక్కును ఎన్నుకున్నాను. మన నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాలకూ ఆ మనిషికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. వేరుశనగ బస్తాలు మోసిన లారీలు, ప్రాజెక్టు పనులకు ఇసుక, కంకర తోలిన టిప్పర్లు, పిల్లాజెల్లాతో సహా మన పాలమూరు కూలీలను దూరదేశాల కట్టడాలకు చేరవేసిన బండ్లు, బావుల మీద కొట్టుకున్న ఆయిల్ ఇంజన్లు, ఇవన్నీ ఆయన సంస్థ రూపొందించిన డీజిల్ పంపు వంటి పంపుల మీదనే నడిచాయి. ఆయన పేరు రాబర్ట్ బాష్. ఆయన 1942లోనే కన్నుమూశారు. ఆయన పేరు మాత్రం మొన్న మొన్నటి వరకు మన ఊళ్ళ మెకానిక్ షెడ్లలో రోజూ వినబడుతూనే ఉండేది.

ఇంకొక కారణం కూడా ఉన్నది. ఉద్యోగకాలంలో ఒక డీజిల్ పంపు విషయంలో నేనొక తప్పు చేశాను. దానిని ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు. బాష్ జీవితం చదువుతుంటే అది మళ్ళీ మనసులో మెదిలింది. అదేమిటో చివరలో మనవి చేస్తాను.

బాల్యము, పని నేర్చిన రోజులు

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబరు 23న ఉల్మ్ పట్టణం దగ్గరి ఆల్బెక్ అనే పల్లెలో జన్మించారు. 12 మంది సంతానంలో ఆయన 11వ వాడు. తండ్రి వ్యవసాయదారుడు. బాటసారులు, బండ్లవాళ్ళు ఆగే సత్రం కూడా నడిపేవాడు. చదువు మీద గౌరవం, సొంత ఆలోచన కలిగిన మనిషి. 1869లో ఆ కుటుంబం ఉల్మ్‌కు మారింది.

బడి చదువు రాబర్టుకు అంతగా రుచించలేదు. 15 ఏళ్ళ వయసులో సున్నితమైన యంత్రాలు చేసే ఒక మేస్త్రీ దగ్గర పనికి కుదిరారు. ఆ మేస్త్రీ షాపులో ఉండేదే తక్కువ, పిల్లలకు నేర్పినది ఇంకా తక్కువ. పని నేర్చుకోవలసిన వయసు వృథా అయిందన్న బాధ బాష్‌కు జీవితమంతా ఉండిపోయింది. తరువాత ఊరూరా తిరిగి, పది షాపులలో పనిచేసి, తన పని తానే నేర్చుకున్నారు. స్టుట్‌గార్ట్‌లోని సాంకేతిక విద్యాలయంలో కొద్దికాలం కూర్చొని విద్యుత్తు పాఠాలు విన్నారు. డిగ్రీ పట్టా మాత్రం తీసుకోలేదు.

1884లో, 22 ఏళ్ళ వయసులో ఓడెక్కి అమెరికా వెళ్ళారు. న్యూయార్కులో థామస్ ఆల్వా ఎడిసన్ గారి కర్మాగారంలో కూలికి పనిచేశారు. అక్కడ కార్మికుల సంఘంలో కూడా చేరారు. పని తగ్గితే మనిషిని నిలబెట్టి పంపించివేసే పద్ధతిని ఆయన తన కళ్ళతో చూశారు. అక్కడి నుండి ఇంగ్లండు వెళ్ళి సీమెన్స్ వారి సంస్థలో కొంతకాలం చేసి, స్వదేశం చేరుకున్నారు.

పెరటి షెడ్డు

1886 నవంబరు 15న స్టుట్‌గార్ట్‌లో, ఒక ఇంటి పెరటి భాగంలో, తండ్రి ఆస్తి నుండి వచ్చిన 10,000 మార్కుల పెట్టుబడితో చిన్న వర్క్‌షాపు తెరిచారు. ఆయన గాక ఒక మెకానిక్కు, ఒక పనిపిల్లవాడు, అంతే సిబ్బంది. టెలిఫోన్లు బిగించడం, కరెంటు గంటలు అమర్చడం, వచ్చిన పనల్లా చేయడం. మన గద్వాల బస్టాండు దగ్గరో, కొత్తకోట రోడ్డు మీదో రేకుల షెడ్డులో పని మొదలుపెట్టిన ఏ మెకానిక్కుకైనా ఆ మొదటి సంవత్సరాల కష్టం చెప్పనక్కరలేదు. ఒక నెల పని ఉంటే ఒక నెల ఉండేది కాదు. అప్పులు చేశారు. పనివాళ్ళను తగ్గించుకోవలసిన రోజులు కూడా వచ్చాయి. గిరాకీదారుల ఇళ్ళకు సైకిలు మీద వెళ్ళి, తన పనివాళ్ళు బిగించినది సరిగా ఉన్నదో లేదో స్వయంగా చూసుకొనేవారు. 1887లో అన్నా కైజర్ గారితో వివాహమైంది. ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు పెరిగి పెద్దయ్యారు.

ఆ 1887లోనే ఒక గిరాకీదారు కోరిక మీద, గ్యాసు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో అనే పరికరాన్ని తయారుచేశారు. దానిని కనిపెట్టినది తాను కాదు. డాయిట్జ్ అనే ఇంజన్ల కంపెనీ అంతకుముందే చేసినదానిని చూసి, మెరుగుపరచి చేశారు. ఒక చోట నిలబడి మెల్లగా తిరిగే ఇంజన్లకు అది సరిపోయేది. మోటారు బండ్ల ఇంజన్లు అంతకు ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతాయి. 1897లో ఒక మూడు చక్రాల మోటారు బండికి దానిని పనికివచ్చేలా చేశారు. 1902లో ఆయన సంస్థ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్, స్పార్క్ ప్లగ్గుతో పనిచేసే హై వోల్టేజి మాగ్నెటోను సిద్ధం చేశాడు. అక్కడితో బాష్ దశ తిరిగింది. 1898లో ఇంగ్లండులో, 1899లో ఫ్రాన్సులో, 1906లో అమెరికాలో ఆయన వ్యాపార శాఖలు వెలిశాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆయన సరుకులో పదింట తొమ్మిది వంతులు పరదేశాలలోనే అమ్ముడుపోయేది.

ఎనిమిది గంటల పని

మన ఉద్యోగులు, పింఛనుదారులు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటి ఇక్కడ ఉన్నది. 1906లో బాష్ తన ఫ్యాక్టరీలో రోజుకు ఎనిమిది గంటల పనిని అమలుచేశారు. జర్మనీలో అది చట్టం కావడానికి ఇంకా పన్నెండేళ్ళు పట్టింది. జీతాలు కూడా ఇతరులకంటే మెరుగుగా ఇచ్చేవారు. తోటి యజమానులు ఆయనను ఎర్ర బాష్ అని ఎగతాళి చేసేవారు. అలసిపోయిన చేయి సున్నితమైన పనిని పాడుచేస్తుందని ఆయన తన పెరటి షెడ్డులోనే గ్రహించారు. కాబట్టి దీనిని దానధర్మంగా కాక లెక్క తెలిసిన పనిగా చూశారు.

తనకు దొరకని శిక్షణ ఇతరులకు దొరకాలని 1913లో పనిపిల్లల కోసం ఫ్యాక్టరీలోనే ప్రత్యేక శిక్షణశాల పెట్టారు. మన వనపర్తిలో రాజావారి ప్రాసాదంలో 1959 నుండి పాలిటెక్నిక్ నడుస్తున్నదని మనకందరికీ తెలుసు. అందులో చదివిన పిల్లలు ఎక్కడెక్కడ ఉద్యోగాలు చేశారో కూడా తెలుసు. పని నేర్పే చోటు ఒకటుంటే ఊరి తలరాత మారుతుందనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఆయన పొదుపు గురించి ఒక కథ చెబుతారు. నేల మీద పడివున్న ఒక జెమ్ క్లిప్పును చూపి, అదేమిటని ఒక ఉద్యోగిని అడిగారట. క్లిప్పు అని అతడు జవాబిస్తే, కాదు, అది తన డబ్బు అని సరిదిద్దారట. ఇండెంటు పెట్టి గుండుసూదుల డబ్బా కోసం నెల రోజులు ఎదురుచూసిన మనలాంటి గుమాస్తాలకు ఆ కథ బాగానే అర్థమవుతుంది. అదే మనిషి 1916లో, యుద్ధకాలపు లాభాన్ని తనవద్ద ఉంచుకోవడం ఇష్టం లేక, నెకార్ నదిని పడవలు నడిచేటట్లు చేసే కాలువ పనులకు కోటి మార్కులకు పైగా ఇచ్చివేశారు.

అన్నీ సజావుగా సాగాయని అనుకోరాదు. 1913లో ఆయన ఫ్యాక్టరీలోనే పెద్ద సమ్మె జరిగింది. తాను పనివాళ్ళకు ఇంత చేసినా ఇదేమిటని ఆయన నొచ్చుకున్నారు. సమ్మె చేసినవారికి వారి బాధలు వారికుండినవి. మంచి యజమాని కూడా పనివాడి తరఫున తానే ఆలోచించగలననుకుంటే పొరపాటు పడతాడని ఆ సమ్మె తెలియజేసింది. తరువాత యుద్ధం వచ్చింది. 1918లో అమెరికా ప్రభుత్వం అక్కడి ఆయన కంపెనీని శత్రుదేశపు ఆస్తిగా స్వాధీనం చేసుకున్నది. 1921లో ఒక్కగానొక్క కుమారుడు దీర్ఘవ్యాధితో, ముప్పై ఏళ్ళకే మరణించాడు.

అరవై ఒకటవ ఏట మొదలైన పని

తెలంగాణలో ఉద్యోగ విరమణ వయసును 2021లో 61 ఏళ్ళకు పెంచారు. మనలో ఎక్కువమంది 58కే చార్జి అప్పగించి, దండ వేయించుకొని ఇంటికి వచ్చినవాళ్ళమే. బాష్‌కు 61 ఏళ్ళు నిండిన 1922వ సంవత్సరం చివరలో ఆయన సంస్థ డీజిల్ పంపు తయారీకి పూనుకున్నది. కుమారుణ్ణి పోగొట్టుకొని అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు.

డీజిల్ ఇంజనుకు మూలపురుషుడు రుడాల్ఫ్ డీజిల్. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజను విజయవంతంగా నడిచింది. గాలిని బాగా నొక్కితే అది ఎంతో వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నూనె చిమ్మితే దానంతట అదే మండుతుంది. నిప్పురవ్వతో పని లేదు. నూనెను చిమ్మడానికి మాత్రం ఆయన పెద్ద కంప్రెసరుతో బలమైన గాలిని వాడవలసి వచ్చింది. ఆ బరువుతో ఇంజను ఓడలకు, ఫ్యాక్టరీలకు పనికివచ్చింది గాని రోడ్డు మీది బండికి పనికిరాలేదు. గాలి సాయం లేకుండా నూనెను నేరుగా నొక్కి చిమ్మగల చిన్న పంపు కావాలి. అది నమ్మకంగా పనిచేయాలి, వేల సంఖ్యలో ఒకే తీరుగా తయారు కావాలి. నిప్పురవ్వ అమ్ముకొని బ్రతుకుతున్న సంస్థ, నిప్పురవ్వే అక్కరలేని ఇంజనుకు పంపు చేయబూనడం చిన్న సాహసం కాదు.

ఇంజనీర్లు ఎన్నో నమూనాలు చేసి పరీక్షించారు. మధ్యలో మోటారు పరిశ్రమకు గడ్డు కాలం వచ్చి సంస్థ చాలామంది పనివాళ్ళను తీసివేయవలసి వచ్చింది. అయినా పంపు పని ఆపలేదు. 1927 నవంబరు 30న మొదటి పంపులు తయారై బయటికి వెళ్ళాయి. అప్పటికి బాష్ వయసు 66. 1934 నాటికి లక్ష పంపులు పూర్తయ్యాయి. 1936లో ఆ పంపుతో మెర్సిడెస్ డీజిల్ కారు కూడా వచ్చింది.

పంపులో ఏముంటుంది?

ఆరు సిలిండర్ల లారీకి పంపులో ఆరు ఎలిమెంట్లుంటాయి. ఎలిమెంటు అంటే ఒక చిన్న ఉక్కు గొట్టం, అందులో ఎక్కిదిగే ఒక ఉక్కు కడ్డీ. రెంటి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతులు రెండు మూడు మాత్రమే, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యవ వంతు కూడా ఉండదు. రబ్బరు లేదు, వాషరు లేదు. ఆ నునుపే నూనెను ఆపుతుంది. ఒక గొట్టంలోని కడ్డీని తీసి ఇంకొక గొట్టంలో పెట్టరాదు. పుట్టుకతోనే అవి జంట.

కడ్డీకి ఒక ఏటవాలు గాడి ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కితే ర్యాకు కదిలి ఆరు కడ్డీలూ కొంచెం తిరుగుతాయి. గాడి ఎటు తిరిగిందన్నదాన్ని బట్టి ఎంత నూనె వెళ్ళాలో తేలుతుంది. ఒక్కొక్క దెబ్బకు వెళ్ళేది ఒకటి రెండు చుక్కలంత. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క ఎలిమెంటు నిమిషానికి 1,000 సార్లు ఆ చుక్కను కొలిచి పంపాలి. వెనుక ఉండే గవర్నరు, ఇంజను హద్దు మీరి తిరగకుండా చూస్తుంది.

దుమ్ము, నీళ్ళు దీనికి శత్రువులు. డ్రమ్ములోని డీజిలును గుడ్డతో వడగట్టి పోసే డ్రైవర్లను మనం చూశాము. ఎలిమెంట్లు అరిగితే స్టార్టింగు కష్టమవుతుంది, గుంజుడు తగ్గుతుంది. పంపు విప్పేవాడు ముందుగా టైమింగు గుర్తులు చూసుకొని దింపాలి. బయట అంతా కడగాలి. తరువాత శుభ్రమైన బల్ల మీద, గాలి దుమ్ము లేని చోట విప్పాలి. అరిగిన ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు జతలుగా మార్చాలి. ఆయిల్ సీళ్ళు, రింగులు, వాషర్లు పాతవి మళ్ళీ వేయరాదు. బిగించిన తరువాత కాలిబ్రేషన్ బెంచికి ఎక్కించి తిప్పితే, ఆరు గొట్టాల నుండి వచ్చే నూనె ఆరు గాజు కొలతగ్లాసులలో పడుతుంది. ఆరింటిలో ఒకే మట్టం వచ్చేవరకు సరిచేస్తూ పోవాలి. ఒక ఎలిమెంటు తరువాత ఒకటి సరిగ్గా 60 డిగ్రీల దూరంలో చిమ్ముతున్నదో లేదో కూడా చూడాలి. అన్నీ కుదిరాక, నూనె ఎక్కువ పోకుండా హద్దు కట్టే స్క్రూకు తీగ చుట్టి, సీసపు బిళ్ళ పెట్టి, షాపు గుర్తుతో నొక్కాలి. దీనినే సీలు అంటారు. లోపల వేసే రబ్బరు సీలు నూనె కారకుండా చూస్తుంది. బయట వేసే సీసపు సీలు ఆ పనికి బాధ్యుడెవరో చెబుతుంది. ట్రెజరీలో డబుల్ లాకు వేసి, లక్క సీలు పెట్టి, సంతకం చేసి వచ్చిన మనకు దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు.

చివరి రోజులు

పంపు వచ్చిన 1927లోనే బాష్ మొదటి భార్యతో విడిపోయి మార్గరెటే వోర్జ్ గారిని వివాహమాడారు. 1928లో కుమారుడు, 1931లో కుమార్తె కలిగారు. ఆ 1920ల చివరిలోనే తన సంస్థలో వృద్ధాప్యపు పింఛను, చనిపోయినవారి కుటుంబాలకు సాయం ఇచ్చే ఏర్పాటు కూడా జరిగింది. హోమియోపతి వైద్యం మీద ఆయనకు గట్టి నమ్మకం. 1940లో ఆ వైద్యం కోసమే స్టుట్‌గార్ట్‌లో తన పేరిట ఆసుపత్రి కట్టించారు.

1933లో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. బాష్‌కు ఆ పాలన నచ్చలేదు. ఆయన, ఆయన సహచరులు యూదులకు రహస్యంగా సాయపడ్డారు. హిట్లరును దించాలనుకొన్న గోర్డెలర్ అనే ప్రముఖునికి అండగా నిలిచారు. కాని అదే సంస్థ ఆ ప్రభుత్వ సైన్యానికి సరుకులు తయారుచేసింది. యుద్ధకాలంలో బలవంతంగా తెచ్చిన వేలాది పరదేశీయులతో పని చేయించుకున్నది. ఎనిమిది గంటల పని తెచ్చిన మనిషి పేరు మీదనే అది జరిగింది. మంచిని చెప్పి దీనిని దాచితే జీవితచరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది.

1942 మార్చి 12న, 80 ఏళ్ళ వయసులో ఆయన స్టుట్‌గార్ట్‌లో మరణించారు. ఆయన ఇష్టపడని ఆ ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఆయన కోరికను అనుసరించి 1964లో సంస్థ వాటాలలో అత్యధిక భాగం ధర్మసంస్థకు చేరింది. ఈనాటికీ 90 శాతానికి పైగా వాటా దానిదే. లాభంలో దాని వంతు వైద్యానికి, విద్యకు, శాంతి కార్యాలకు ఖర్చవుతున్నది.

మన దేశంలో, మన ఊళ్ళలో

1922లో కలకత్తాలో ఏజెన్సీ ద్వారా బాష్ సరుకు మన దేశానికి వచ్చింది. 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మన మైకో, స్థాపితమైంది. 1954 నుండి జంషెడ్‌పూర్‌లో టాటా వారు మెర్సిడెస్ బెంజి లారీలు తయారుచేశారు. మైకో పంపులు మన రోడ్ల నిండా తిరిగాయి. హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే రోడ్డు మన కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తాల మీదుగానే పోతుంది. అందువల్ల పంపు పని తెలిసిన ఉస్తాదులు ఈ దారి వెంబడి తయారైనారు. 2008లో మైకో పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. 2020 నుండి వచ్చిన కొత్త లారీలలో చుక్కను లెక్కపెట్టేది కంప్యూటరు. పాత పంపు, పాత ట్రాక్టర్లలోను, పాత లారీలలోను మిగిలింది.

ఇక నా తప్పు సంగతి. 1980వ దశకంలో నేనొక కార్యాలయంలో వాహనాల సెక్షను గుమాస్తాగా ఉన్నాను. ఒక టిప్పరు నల్లపొగ కక్కుతూ, డీజిలు ఎక్కువ తాగుతున్నదని పంపును ఒక షాపుకు పంపించాము. ఆ ఉస్తాదు ఆరు ఎలిమెంట్లు మార్చి, సీళ్ళన్నీ కొత్తవి వేసి, పాతవి ఒక గుడ్డలో కట్టి వాపసు ఇచ్చి బిల్లు పెట్టాడు. బిల్లు పాసు కాకముందే, నెల తిరక్కుండా, మళ్ళీ నల్లపొగ మొదలైంది. అధికారి గారు రిమార్కు వ్రాయమన్నారు. పంపు ఎట్లా ఉంటుందో కూడా తెలియని నేను, పని సంతృప్తికరముగా లేదు, చెల్లింపు నిలుపుదల చేయవచ్చును అని ఒక వాక్యం వ్రాశాను.

ఉస్తాదు బస్సెక్కి వచ్చాడు. వరండాలో రెండు గంటలు నిలబడ్డాడు. డబ్బు ఇమ్మని అడగలేదు. పంపును ఒకసారి తన బెంచి మీద పెట్టనిచ్చి, సారు స్వయంగా వచ్చి చూడాలని మాత్రం అడిగాడు. ఒక ఆదివారం వెళ్ళాను. పంపు విప్పకముందే తీగ చూపించాడు. అది తెగి, మెలిపెట్టి ఉన్నది. సీసం మీద అతని గుర్తు లేదు. తరువాత బెంచి తిప్పాడు. ఆరు గ్లాసులలోనూ నూనె ఒకే మట్టానికి వచ్చింది, కాని ఆరింటిలోనూ ఉండవలసిన దానికంటే ఎక్కువ. తన ఎలిమెంట్లు చెడినవైతే మట్టాలు హెచ్చుతగ్గులుగా వచ్చేవని, అన్నీ సమానంగా పెరిగాయంటే ఎవరో హద్దు స్క్రూ తిప్పారని నెమ్మదిగా చెప్పాడు. బరువు ఎక్కువ వేసి ట్రిప్పులు ఎక్కువ తోలమని ఒత్తిడి ఉన్న బండి అది. గుంజుడు కోసం ఎవరు తిప్పారో ఊహించడం కష్టం కాదు. డ్రైవరును కూడా నేను పూర్తిగా నిందించలేను. ఉస్తాదు స్క్రూ సరిచేసి, ఒక్క పైసా తీసుకోకుండా మళ్ళీ సీలు వేసి ఇచ్చాడు.

మర్నాడే నా రిమార్కు తప్పని నోటు పెట్టాను. కాని ఫైలు అప్పటికే పైకి పోయింది. అది తిరిగి వచ్చేసరికి మార్చి 31 దాటింది, బడ్జెటు లాప్సయింది. బిల్లు పాసు కావడానికి 11 నెలలు పట్టింది. ఆ బాకీ వల్ల అతడు ఆ ఎండాకాలంలో జీతం ఇవ్వలేక, పని నేర్చుకుంటున్న ఒక పిల్లవాణ్ణి మాన్పించవలసి వచ్చిందని తరువాత తెలిసింది. ఆ పిల్లవాడు లేబరు లారీలో వెళ్ళిపోయాడట. ఉస్తాదు వచ్చి రెవిన్యూ స్టాంపు మీద సంతకం చేసి, చెక్కు తీసుకొని, నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఎప్పుడూ గవర్నమెంటు పని ముట్టుకోలేదు. ఇప్పుడు అతడు లేడు. నేను క్షమించమని అడగనూ లేదు.

ఆ పిల్లవాడి వయసులోనే బాష్ కూడా సరైన గురువు దొరకక నష్టపోయారు. పెద్దవాడయ్యాక శిక్షణశాల కట్టి ఆ లోటు పూడ్చారు. దొరికిన గురువు దగ్గర కుదురుగా పని నేర్చుకుంటున్న పిల్లవాడి దారిని నేను ఒక్క వాక్యంతో మార్చివేశాను. మూసి సీలు వేసిన పంపు లోపల ఏముందో గిరాకీదారుకు కనబడదు. చేసినవాడి చేయిని నమ్మి బండి నడుపుతాడు. బాష్ తన సంపాదననంతా ఆ నమ్మకం మీద కట్టుకున్నారు. మన ఊరి ఉస్తాదు కూడా తన బెంచి మీద అదే చేశాడు. నేనొక్కణ్ణే, మూసివున్న దానిని చూడకుండా సంతకం పెట్టాను.

మన పిల్లలు, మనుమలు ఈనాడు ఎన్నో కార్యాలయాలలో ఉన్నారు. వారి ముందుకు కూడా ఎవరి కష్టమో ఒక బిల్లుగా, ఒక అర్జీగా వస్తూనే ఉంటుంది. రిమార్కు వ్రాసే ముందు ఒక ఆదివారం ఖర్చుపెట్టి వెళ్ళి చూసి రమ్మని వారికి నా మాటగా చెప్పండి. నేను ముందే వెళ్ళి ఉంటే ఆ పిల్లవాడు ఈపాటికి ఒక బెంచి ముందు ఉస్తాదై ఉండేవాడు.



– ఒక విశ్రాంత గుమాస్తా